మీరు చెప్పింది సత్యమే, కానీ ఆమె ప్రార్థన ఆగిపోయింది: వాక్యం బోధించేవారికి ఒక బహిరంగ లేఖ

గౌరవనీయులైన కాపరులకు, సంఘ పెద్దలకు, బైబిలు కళాశాలల్లో పాఠాలు చెప్పే గురువులకు, వాక్యం మీద ఆసక్తితో రాత్రింబవళ్లు చదువుతున్న యౌవన సహోదరీ సహోదరులకు,

ప్రభువైన యేసుక్రీస్తు నామంలో వందనాలు. మీరు ప్రయాసపడి చదివి చెప్పిన మాటల వల్లే నాలాంటివాళ్లం విశ్వాసంలో నిలబడ్డాం. ఆ కృతజ్ఞత మనసులో ఉంచుకునే ఈ లేఖ రాస్తున్నాను.

నేను బోధకుణ్ణి కాను. ఆదివారపు బడిలో చిన్నపిల్లలకు పాఠం చెప్పే మామూలు విశ్వాసిని. ఈ విషయాన్ని ఇలా అందరి ముందుకు తేవాలని మొదట అనుకోలేదు. మా సంఘ పెద్దలకు విడిగా రెండు ఉత్తరాలు రాశాను. మొదటిదానికి జవాబు రాలేదు. రెండోదానికి నాలుగు పేజీల జవాబు వచ్చింది. నేను రాసిన వచనాల సందర్భం ఏమిటో, మూలభాషలో ఏ పదం ఉందో, నేనెక్కడ పొరబడ్డానో అందులో వివరంగా ఉంది. నేను ఎవరి గురించి బాధపడి రాశానో ఆ మనిషి గురించి మాత్రం ఒక్క వాక్యం కూడా లేదు. ఆ తర్వాత వేరే సంఘాల విశ్వాసులతో మాట్లాడాను. మనుషులు వేరు, సంగతి ఒకటే. అందుకే ఈ లేఖ మీ అందరికీ రాస్తున్నాను.

జరిగింది ముందు చెబుతాను.

మా కూడికలో ఒక పెద్దావిడ ఉంది. చదువు రాదు. విని గుర్తుపెట్టుకున్న వచనాలే ఆమెకు బైబిలు. ఒక ఆదివారం ఆమె ఏడుస్తూ ప్రార్థన చేసింది. "తండ్రీ, నాకోసం సిలువెక్కావు, నీ రక్తం కార్చావు" అంది. ఆమె ఆమేన్ అనగానే, ఆ రోజు వాక్యం చెప్పడానికి వచ్చిన సహోదరుడు లేచాడు. సిలువ మీద చనిపోయింది తండ్రి కాదు కుమారుడని, ఇలా ప్రార్థించడం పాత దుర్బోధలోకి జారడమేనని, దాన్ని 3వ శతాబ్దం మొదట్లోనే తెర్తుల్లియన్ అనే సంఘ పండితుడు ఖండించాడని పది నిమిషాలు వివరించాడు. ఆమె పేరు ఎత్తలేదు. ఎత్తాల్సిన పని కూడా లేదు, గదిలో అందరూ ఆమె వైపే చూస్తున్నారు.

అతను చెప్పినదాంట్లో తప్పు లేదు. ఆ సిద్ధాంతం నేనూ ఒప్పుకుంటాను, పిల్లలకు అదే చెబుతాను. కానీ ఆ రోజు నుంచి ఆమె కూడికలో నోరు తెరిచి ప్రార్థన చేయలేదు. రెండేళ్లు దాటింది. ముందు వరుసలో కూర్చునే మనిషి ఇప్పుడు తలుపు పక్కన కూర్చుంటోంది. ఎందుకమ్మా అని అడిగితే, "నాకేం తెలుసు నాయనా, ఏదో ఒకటి తప్పు మాట్లాడి దేవుడికి కోపం తెప్పిస్తానేమో" అంది.

కూడిక అయ్యాక ఎవరైనా ఆమె పక్కన కూర్చుని, "అమ్మా, నీ ప్రార్థన వింటుంటే నాకూ కన్నీళ్లొచ్చాయి. తండ్రి తన కుమారుణ్ణి మనకోసం పంపాడు కదా, ఆ మాట పట్టుకుని ఇద్దరం కలిసి ప్రార్థిద్దామా" అని ఉంటే ఏమయ్యేది? ఆమె ఆ సత్యం నేర్చుకునేది, ప్రార్థన కూడా మానేది కాదు. అలా చేయడానికి ఎక్కువ చదువు అక్కర్లేదు. ఆమె మీద కొంచెం ప్రేమ ఉంటే చాలు.

మీకందరికీ కంఠతా వచ్చిన అధ్యాయాన్నే ఇప్పుడు మీ ముందు పెడుతున్నాను. 1 కొరింథీయులకు 8. సుమారు క్రీ.శ. 55లో పౌలు ఎఫెసు నుంచి రాసిన మాటలు. "జ్ఞానము ఉప్పొంగజేయును గాని ప్రేమ క్షేమాభివృద్ధి కలుగజేయును." ఈ వచనం వినగానే, కొరింథులో కొందరు తప్పు బోధ చేస్తుంటే పౌలు గద్దించాడని చాలాకాలం అనుకున్నాను. నెమ్మదిగా చదివితే అక్కడ కనిపించేది వేరు. విగ్రహం వట్టిదని, దేవుడు ఒక్కడేనని, అందుకే విగ్రహాలకు అర్పించిన మాంసం కూడా మామూలు మాంసమేనని ఆ జ్ఞానవంతులు చెప్పారు. పౌలుకు ఆ మాటలో తప్పేమీ కనిపించలేదు. కటికవాని అంగడిలో అమ్మేది ఏ విచారణా చేయకుండా తినవచ్చని 10వ అధ్యాయంలో తానే రాశాడు. (విగ్రహాల బల్ల దగ్గర పాలుపంచుకోవడం వేరే సంగతి, దాన్ని అదే అధ్యాయంలో వద్దన్నాడు.) సిద్ధాంతం వరకు చూస్తే పౌలు వాళ్ల పక్షమే.

అయినా ఆగమన్నాడు. ఆ సంఘంలో నిన్నమొన్నటి దాకా విగ్రహాలకు మొక్కి, ఇప్పుడిప్పుడే ప్రభువును తెలుసుకుంటున్నవాళ్లు ఉన్నారు. వాళ్ల మనస్సాక్షి ఇంకా లేతగా ఉంది. తెలిసినవాడు ధైర్యంగా తినడం చూసి వాళ్లూ తింటారు, తిన్నాక లోపల నలిగిపోతారు. వాళ్ల కోసం పౌలు రాసిన మాట ఇది: "ఎవనికొరకు క్రీస్తు చనిపోయెనో ఆ బలహీనుడైన ఆ నీ సహోదరుడు నీ జ్ఞానమునుబట్టి నశించును."

నీ తప్పు బోధను బట్టి అని రాయలేదు. నీ జ్ఞానమునుబట్టి అని రాశాడు. సరైన సిద్ధాంతం చేతిలో పట్టుకునే ఒక మనిషిని నాశనం చేయవచ్చని ఆయన మాట. ఇది అర్థమైన రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

"నేను చెప్పింది సత్యమే కదా" అనే సమాధానం మన మధ్య ఎప్పుడూ వినిపిస్తుంది. ఈ అధ్యాయం ముందు అది నిలవదు. మాట సత్యమా కాదా అన్నది మొదటి ప్రశ్నే, దాన్ని ఎవరూ కాదనరు. అక్కడితో ఆగిపోవద్దనే పౌలు అంటున్నాడు. ఆ మాట విన్నాక ఆ సహోదరుడు లేచి నిలబడ్డాడా, కూలిపోయాడా అని కూడా చూడమంటున్నాడు.

ఇంకో విషయం. ఉప్పొంగడం అని మన తెలుగు బైబిల్లో ఉన్నచోట మూలంలో ఉన్న గ్రీకు క్రియ కొత్త నిబంధన మొత్తంలో 7 సార్లే వస్తుంది. అందులో 6 సార్లు ఈ ఒక్క పత్రికలోనే. మిగిలిన ఒక్కటి కొలొస్సయులకు రాసిన పత్రికలో ఉంది. కొరింథువారు ఏమీ తెలియనివాళ్లు కూడా కాదు. "సమస్త ఉపదేశములోను సమస్త జ్ఞానములోను ఐశ్వర్యవంతులైతిరి" అని మొదటి అధ్యాయంలోనే పౌలు వాళ్ల గురించి రాశాడు. అంత జ్ఞానం ఉన్న సంఘంలోనే ప్రభువు బల్ల దగ్గర ఒకడు ఆకలితో ఉన్నాడు, ఇంకొకడు మత్తుగా ఉన్నాడు. "పేదలను సిగ్గుపరచుదురా?" అని 11వ అధ్యాయంలో అడగాల్సి వచ్చింది. 13వ అధ్యాయాన్ని మనం పెళ్లిళ్లలో చదువుకుంటాం. నిజానికి అది కొత్త జంట కోసం రాసింది కాదు. ఇలాంటి సంఘాన్ని గద్దిస్తూ రాసింది. "ప్రేమ డంబముగా ప్రవర్తింపదు, అది ఉప్పొంగదు" అన్నచోట వాళ్లకు తమ ముఖమే కనిపించి ఉండాలి.

ఇది రాయడానికి నాకున్న అర్హత నా తప్పే. అది కూడా దాచకుండా చెబుతాను. ఒకప్పుడు నేనూ వాదనల మనిషినే. గ్రీకు అక్షరాలు నేర్చుకున్నాను, వ్యాఖ్యానాలు చదివాను, ఎదుటివాళ్ల మాటలో లోపం దొరికితే దాన్ని వదిలేవాణ్ణి కాదు. మా అక్క జబ్బుతో మంచం పట్టినప్పుడు, యాకోబు పత్రికలో ఉన్నట్టు సంఘ పెద్దలను పిలిపించుకుని నూనె రాయించుకుని ప్రార్థన చేయించుకుంది. వాళ్లు వెళ్లాక నేను ఆమె మంచం పక్కన కూర్చుని, ఆ వచనాన్ని అలా అర్థం చేసుకోకూడదని, స్వస్థత వాగ్దానం ఎక్కడ వర్తిస్తుందో ఎక్కడ వర్తించదో గంటసేపు చెప్పాను. ఆమె కళ్లు మూసుకుని విన్నది. చివరికి, "సరేరా, అలసిపోయాను. కాసేపు నా చెయ్యి పట్టుకో" అంది.

ఆమె ఇప్పుడు ప్రభువు దగ్గర ఉంది. ఆ గంట నాకు తిరిగి రాదు.

కాబట్టి ఈ లేఖ బయట నిలబడి వేలెత్తి చూపడానికి రాసింది కాదు. మీలో చాలామంది చేస్తున్నది నేనూ చేశాను. దాని వల్ల మామూలు విశ్వాసులకు ఏం జరుగుతోందో వరసగా మీ ముందు పెడుతున్నాను.

1. నోళ్లు మూతపడుతున్నాయి. సాక్ష్యం చెప్పమంటే చదువుకున్నవాళ్లే లేస్తున్నారు. మిగిలినవాళ్లు ఏ మాట అంటే ఏ తప్పు పడుతుందో అన్న టెన్షన్‌తో తల దించుకుంటున్నారు. యోహాను 9వ అధ్యాయంలో పుట్టు గుడ్డివాడికి ధర్మశాస్త్రం తెలియదు, యేసు పాపియో కాడో వాదించడం తెలియదు. "ఒకటి మాత్రము నేనెరుగుదును, నేను గ్రుడ్డివాడనైయుండి ఇప్పుడు చూచుచున్నాను" అన్నాడు. తెలిసినవాళ్లు అతనికి ఏం చేశారు? నువ్వు మాకు బోధిస్తావా అని కసిరి వెలివేశారు. వెలివేసినవాణ్ణి వెతుక్కుంటూ వెళ్లింది యేసే. మన కూడికల్లో అలాంటి సాక్ష్యం ఎవరైనా చెబితే మనం ఎవరి పక్కన నిలబడుతున్నామో ఆలోచించండి.

2. ఏడుస్తున్నవాళ్ల ముందు వాదన జరుగుతోంది. పసిబిడ్డను పోగొట్టుకున్న ఒక ఇంట్లో, బాప్తీస్మం లేకుండా చనిపోయిన పిల్లల సంగతి ఏమిటని ఇద్దరు పెద్దలు తల్లి ఎదుటే చర్చ పెట్టుకున్నారు. ఇద్దరి దగ్గరా వచనాలున్నాయి. ఇద్దరూ గట్టిగానే మాట్లాడారు. ఆ తల్లి లోపలి గదిలోకి వెళ్లి తలుపు వేసుకుంది. యోబు స్నేహితులను మనం తప్పుపడతాం గానీ, వాళ్లు మొదట 7 రోజులు నేల మీద కూర్చుని ఒక్క మాట కూడా మాట్లాడలేదు. మనకు 7 నిమిషాలు ఓపిక ఉండటం లేదు. లాజరును లేపబోతున్నానని తెలిసి కూడా యేసు ముందు కన్నీళ్లు విడిచాడు. ఏం జరగబోతోందో ఆయనకంటే బాగా తెలిసినవాడు అక్కడ ఎవరున్నారు?

3. సందేహం అడిగిన పిల్లలు వెళ్లిపోతున్నారు. నా దగ్గర ఆదివారపు బడిలో చదివిన ఒక అబ్బాయి పెద్దయ్యాక, యెహోషువ గ్రంథంలోని యుద్ధాల గురించి యౌవనుల కూటంలో ఒక ప్రశ్న అడిగాడు. అది నిజమైన ప్రశ్న. చదివినవాడికే వచ్చే ప్రశ్న. "అవిశ్వాసులు అడిగే ప్రశ్నలు నీ నోట ఎందుకు వస్తున్నాయి" అన్నది అతనికి దొరికిన జవాబు. ఆ తర్వాత వారం అతను రాలేదు. వాళ్లింటికి వెళ్లి కలిస్తే, "అన్నా, నాకు జవాబు దొరకనందుకు బాధ లేదు. అడిగినందుకు నన్ను అలా చూశారే, అదే" అన్నాడు. "సందేహపడువారిమీద కనికరము చూపుడి" అని యూదా రాసింది ఇలాంటివాళ్ల కోసమే. తోమాకు యేసు చేతులు చూపించాడు, తోమాను బయటికి పంపలేదు.

4. ఇళ్లు చీలిపోతున్నాయి. బాప్తీస్మం ఎలా ఇవ్వాలి, భాషలతో మాట్లాడటం ఇప్పటికీ ఉందా, ఏ దినం ఆచరించాలి అన్నవాటి మీద భార్య ఒక సంఘానికి, భర్త ఇంకో సంఘానికి వెళ్తున్నారు. అంతవరకు కొంత సర్దుకోవచ్చు. ఒకరిది అసలు రక్షణే కాదని రెండోవాళ్లకు బోధ వినబడినప్పుడు మాత్రం ఆ ఇంట్లో కుటుంబ ప్రార్థన ఆగిపోతుంది. పిల్లలు నన్ను అడుగుతారు, "మా నాన్న పరలోకానికి వెళ్లడా?" అని. ఆరేళ్ల పిల్ల అడిగింది. ఆ పిల్లకు ఏమని చెప్పాలో మీరే నాకు నేర్పించండి.

5. బయటివాళ్లు చూస్తున్నారు. ఒకరినొకరు ప్రేమిస్తే దాన్నిబట్టి మీరు నా శిష్యులని అందరూ తెలుసుకుంటారని ప్రభువు చెప్పాడు. దీని మీద నేను ఎక్కువ రాయను. మన వాదనల వీడియోల కింద జనం రాసే మాటలు మీరూ చదువుతున్నారు.

6. చివరికి దెబ్బ మీకే తగులుతోంది. అన్నీ తెలిసినవాడిగా పేరు పడ్డాక, "నాకోసం ప్రార్థన చేయండి, నా విశ్వాసం సడలిపోతోంది" అని అడగడానికి నోరు రాదు. నాకు తెలిసిన ఒక బోధకుడు ఏళ్ల తరబడి ఎవరి దగ్గరా మనసు విప్పలేకపోయానని, ఎంత దిగులు ఉన్నా వేదిక మీద నవ్వుతూ నిలబడ్డానని నాతో చెప్పుకున్నాడు. మీకు మేం అక్కర్లేదనుకున్నారని మాకు బాధ. మీరు కూడా ఒంటరిగా ఉన్నారని మాకు ఆలస్యంగా తెలిసింది.

ఇప్పుడు మీ మనసులో ఉన్న ప్రశ్న నాకు తెలుసు, ఎందుకంటే నేనూ చాలాసార్లు అదే అడిగాను. ప్రేమ పేరు చెప్పి దుర్బోధను వదిలేయమంటారా?

లేదు. తెలివిని తగ్గించుకోమని ఎవరూ అడగడం లేదు. ఫిలిప్పీయుల కోసం పౌలు చేసిన ప్రార్థన, వాళ్ల ప్రేమ తెలివితోను, అనుభవజ్ఞానంతోను కూడినదై పెరగాలని. పెరగాల్సింది ప్రేమ. ఆ ప్రేమకు తోడుగా తెలివి ఉండాలి. గద్దింపు కూడా వద్దనడం లేదు. అంతియొకయలో పౌలు పేతురును అందరి ఎదుటే నిలదీశాడు. దాన్ని చూపించి బహిరంగ ఖండనలను సమర్థించుకునేవాళ్లు చాలామంది. అసలు ఆ రోజు సంగతి ఏమిటి? అన్యజనుల నుంచి వచ్చిన విశ్వాసులతో కలిసి భోజనం చేస్తున్న పేతురు, యెరూషలేము నుంచి కొందరు రాగానే భయపడి ఆ పంక్తి నుంచి లేచిపోయాడు. బర్నబా కూడా ఆయన వెంట వెళ్లాడు. ఆ సామాన్య విశ్వాసులు రెండో తరగతి మనుషులైపోయారు. పౌలు గొంతెత్తింది వాళ్ల కోసం. పెద్దవాడి తప్పు వల్ల చిన్నవాళ్లు నలుగుతుంటే పెద్దవాణ్ణి అందరి ముందు ఆపాడు. మనం చేస్తున్నది దీనికి తలకిందులుగా ఉంది. చదువు రాని పెద్దావిడను అందరి ముందు దిద్దుతాం. పేదవాళ్ల కానుకలు దండుకునే పెద్ద బోధకుడి విషయంలో మాత్రం "విడిగా మాట్లాడదాం" అంటాం.

అపొల్లో సంగతి చూడండి. లేఖనాల్లో ప్రవీణుడు, విద్వాంసుడు, కానీ యోహాను బాప్తీస్మం వరకే తెలుసు. సమాజమందిరంలో ధైర్యంగా మాట్లాడుతుంటే అకుల, ప్రిస్కిల్ల విన్నారు. లోపం వాళ్లకు కనిపించింది. లేచి నిలబడి ఆపలేదు. తమతో తీసుకెళ్లి దేవుని మార్గాన్ని మరి పూర్తిగా విశదపరిచారు. తర్వాత అపొల్లో కొరింథు వాళ్లకు ఎంత సహాయపడ్డాడో అపొస్తలుల కార్యములు 18లో ఉంది. మొదటి రోజే అందరి ముందు సిగ్గుపరిచి ఉంటే ఆ సహాయం కొరింథుకు అందేదా?

సంఘ చరిత్రలోంచి రెండు సంగతులు మీకు గుర్తు చేయాలి. 1529 అక్టోబరులో జర్మనీలోని మార్బర్గ్ కోటలో సంఘ సంస్కరణ నాయకులు మార్టిన్ లూథర్, ఉల్రిచ్ జ్వింగ్లీ కలుసుకున్నారు. 15 అంశాల్లో 14 మీద ఒప్పందం కుదిరింది. 15వది ప్రభువు బల్ల. అందులోనూ చాలా భాగం కలిసింది. క్రీస్తు శరీర రక్తాలు ఆ రొట్టె ద్రాక్షారసాల్లో ఏ విధంగా ఉన్నాయన్న దగ్గర ఆగిపోయారు. జ్వింగ్లీ కన్నీళ్లతో సహోదరుడిగా చెయ్యి చాపితే లూథర్ అందుకోలేదు. లూథర్ బాటలోని లూథరన్ సంఘాలు, జ్వింగ్లీ లాంటివాళ్ల బాటలోని రిఫార్మ్‌డ్ సంఘాలు ఐరోపాలో చాలా చోట్ల ఒకే బల్ల దగ్గర కూర్చోవడానికి 1973లో లూయెన్‌బర్గ్ ఒప్పందం దాకా ఆగాల్సి వచ్చింది. మధ్యలో 444 ఏళ్లు గడిచాయి. ఆ రోజు లూథర్‌ది ఎంత ముఖ్యమైన నమ్మకమో నేను తక్కువ చేయడం లేదు. చెయ్యి పట్టుకున్నంత మాత్రాన ఆ నమ్మకం పోయేదా అని మాత్రమే అడుగుతున్నాను.

రెండోది 18వ శతాబ్దపు ఇంగ్లాండు సువార్తికులు జాన్ వెస్లీ, జార్జ్ విట్‌ఫీల్డ్‌ల సంగతి. ఎవరు రక్షణ పొందుతారో దేవుడు ముందే నిర్ణయించాడా అన్నదాని గురించి ఇద్దరూ బహిరంగంగానే గట్టిగా విభేదించారు, కొంతకాలం దూరమయ్యారు. ఎవరూ తమ నమ్మకం మార్చుకోలేదు. కానీ స్నేహం తిరిగి కుదిరింది. 1770 సెప్టెంబరులో విట్‌ఫీల్డ్ అమెరికాలో చనిపోయినప్పుడు, ఆయన ముందే కోరుకున్నట్టు లండన్‌లో ఆయన జ్ఞాపకార్థ ప్రసంగం చేసింది వెస్లీయే. మనలో ఎంతమందికి, మనతో విభేదించిన మనిషి మన సమాధి దగ్గర మాట్లాడాలన్న కోరిక పుడుతుంది?

ఎఫెసు సంఘానికి ప్రభువు పంపిన మాటలు కూడా మీరు బోధించినవే. వాళ్లు అబద్ధ అపొస్తలులను పరీక్షించి పట్టుకున్నారు. ప్రభువు దాన్ని మెచ్చుకున్నాడు. ఆ తర్వాత, మొదట ఉన్న ప్రేమను వదిలేశావని తప్పు మోపాడు. మారుమనస్సు పొందకపోతే దీపస్తంభాన్నే తీసేస్తానన్నాడు.

అందుకని మిమ్మల్ని ఈ పనులు చేయమని అడుగుతున్నాను. వీటిని సలహాలుగా పక్కన పెట్టవద్దని ప్రాధేయపడుతున్నాను.

1. సాధారణ విశ్వాసి ప్రార్థననూ సాక్ష్యాన్నీ కూడికలో దిద్దడం ఆపండి. తప్పు వినబడితే, మత్తయి 18:15లో ప్రభువు చెప్పినట్టు ఒంటరిగా ఉన్నప్పుడు, ప్రేమగా చెప్పండి. ఈ నియమాన్ని బయట నుంచి వచ్చే బోధకులకు వేదిక ఎక్కక ముందే తెలియజేయండి.

2. చావు ఇంట్లో, జబ్బు మంచం దగ్గర సిద్ధాంత చర్చ ఉండకూడదని పెద్దల కమిటీలో తీర్మానం చేయండి. అక్కడికి వెళ్లేవాళ్లు ముందు వినాలి, అవసరమైన పని చేయాలి, అడిగితేనే మాట్లాడాలి.

3. యౌవనుల కూటంలో ప్రశ్నలకు ప్రత్యేకంగా సమయం ఇవ్వండి. ప్రశ్న అడిగినవాడి విశ్వాసాన్ని అనుమానించే మాట ఎవరి నోటా రాకూడదు. జవాబు తెలియకపోతే తెలియదని చెప్పండి. "మనము కొంతమట్టుకు ఎరుగుదుము" అని పౌలే రాశాడు కదా.

4. బైబిలు కళాశాలల గురువులకు ప్రత్యేకంగా ఒక మనవి. 1 తిమోతి 3లో అధ్యక్షుడికి ఉండాల్సిన లక్షణాల పట్టిక ఉంది. అందులో బోధింపతగినవాడై ఉండాలన్నది ఒక్కటే బోధకు సంబంధించినది. సాత్వికుడు, జగడమాడనివాడు, ఇంటిని బాగా ఏలేవాడు లాంటివే మిగిలినవన్నీ. మీ పరీక్షలు ఆ ఒక్కదానికే ఎక్కువ మార్కులు ఇస్తున్నాయి. ప్రతి విద్యార్థినీ ఏడాదిపాటు ఒక కష్టంలో ఉన్న కుటుంబానికి తోడుగా పంపండి. పట్టా ఇచ్చే ముందు ఆ కుటుంబం ఏమంటుందో అడగండి.

5. వేరే సంఘం బోధను విమర్శించాల్సి వస్తే, వాళ్లు విని "అవును, మేం నమ్మేది ఇదే" అనగలిగేలా ముందు వాళ్ల మాట చెప్పండి. ఎగతాళి పేర్లు పెట్టడం, మాటల ముక్కలు కత్తిరించి వీడియోలు చేయడం మానండి. పిల్లలు చూసి అదే నేర్చుకుంటున్నారు, నా తరగతిలోనే చూస్తున్నాను.

6. గత కొన్నేళ్లలో మీ సంఘం నుంచి నొచ్చుకుని వెళ్లిపోయినవాళ్ల పేర్లు రాసుకోండి. వాళ్ల ఇళ్లకు వెళ్లండి. ఎవరు సరి, ఎవరు తప్పు అని తేల్చడానికి వెళ్లవద్దు. నూరు గొర్రెల్లో ఒకటి తప్పిపోతే కాపరి దాన్ని వెతికి భుజాల మీద వేసుకుని తెచ్చాడు. దారిలో దానికి పాఠం చెప్పాడని లూకా రాయలేదు.

7. విశ్వాసులు రాసే ఉత్తరాలకు ఒక నెలలోపు జవాబు ఇవ్వండి. ఆ జవాబులో వచనాల కంటే ముందు, బాధపడిన మనిషి పేరు ఉండాలి.

మా సంఘానికి సంబంధించి ఒక్కటి మిగిలింది. ఆ పెద్దావిడ ఇప్పటికీ ప్రతి ఆదివారం వస్తోంది. తలుపు పక్కన, చివరి వరుసలో కూర్చుంటుంది. మా పెద్దల్లో ఎవరైనా ఈ లేఖ చదువుతుంటే, వచ్చే ఆదివారం కూడిక అయ్యాక వెళ్లి ఆమె పక్కన కూర్చోండి. మీకోసం ప్రార్థన చేయమని ఆమెను అడగండి. ఆమె ఏ మాటలతో ప్రార్థించినా, చివర ఆమేన్ అనండి.

ఇట్లు,
ప్రభువునందు మీ సహోదరుడు,
ఆదివారపు బడి ఉపాధ్యాయుడు